నీళ్ళు పచ్చబడక ముందే కనిపెట్టగలిగేది మీరే

2016 మార్చి 7, సోమవారం. తెల్లారేసరికి బెంగళూరు హలసూరు చెరువులో చేపలు వేలకొద్దీ చచ్చి తేలాయి. చెరువులోకి మురుగు చేరడం, నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోవడం కారణాలని అప్పట్లో చెప్పుకున్నారు. చావు ఒక్క రాత్రిలో జరిగినట్టు కనిపిస్తుంది. దానికి ముందు జరిగేదంతా మాత్రం రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి నీళ్ళ రంగులో, వాసనలో, ఒడ్డున పేరుకునే నాచు తెట్టులో తెలుస్తూనే ఉంటుంది.

ల్యాబువాళ్ళు వచ్చి శాంపిల్ పట్టుకెళ్ళేది ఎప్పుడో ఒకసారి. రోజూ నీళ్ళ పక్కన నిలబడేది అపార్టుమెంట్లలో ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నడిపేవాళ్ళు, చెరువు గట్ల మీద కాపలా కాసేవాళ్ళు, గుర్రపు డెక్క తీసే కూలీలు, చేపల కాంట్రాక్టు కింద వల వేసేవాళ్ళు, ట్యాంకర్ డ్రైవర్లు. బెంగళూరులో ఈ పనుల్లో చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. నాచు ఎప్పుడు, ఎందుకు విషమవుతుందో మీకు తెలిస్తే చెరువు బతుకుతుంది, మీ ఒంటికీ రక్ష, మీ ఉద్యోగానికీ విలువ. అందుకే ఈ నాలుగు మాటలు.

నాచు విరగబెరగడానికి తిండి, వేడి, వెలుతురు, కదలని నీళ్ళు కావాలి. తిండి అంటే నత్రజని, ఫాస్ఫరస్. పొలానికి యూరియా, డీఏపీ వేసిన చేతులకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మనిషి మలమూత్రాల్లో, బట్టల సబ్బుల్లో, వంటింటి నీళ్ళల్లో ఉన్నవీ అవే. బెంగళూరులో మార్చి నుంచి మే దాకా ఎండ ముదురుతుంది, చెరువుల్లో నీళ్ళు తగ్గుతాయి, గాలి స్తంభిస్తుంది. 2016 ఏప్రిల్లో నగరంలో 39.2 డిగ్రీలు నమోదయ్యాయి. మామూలు ఆకుపచ్చ నాచుతో పోలిస్తే నీలి ఆకుపచ్చ నాచుకి వేడంటే ఇష్టం. నీళ్ళు 25 డిగ్రీలు దాటితే దానిదే పైచేయి. అందులో మైక్రోసిస్టిస్ అనే రకం కణాల్లో సన్నని గాలి గదులుంటాయి. నీళ్ళు కదలకపోతే అవి పైకి తేలి, ఎండనంతా తామే తీసుకుని, కింద ఉన్న మిగతా నాచుకి వెలుతురు లేకుండా చేస్తాయి. గట్టి గాలి వీస్తే ఆ పొర చెదిరిపోతుంది. చిరుగాలి వీస్తే మాత్రం తెట్టంతా ఒక ఒడ్డుకి చేరి చిక్కబడుతుంది. అందుకే చెరువు నడిమధ్య తీసిన శాంపిల్ బాగున్నా, గాలి తోసిన ఒడ్డున పది అడుగుల మేర విషం ఉండొచ్చు.

ఎండని మనం ఆపలేం, గాలిని తేలేం. మన చేతిలో ఉన్నది తిండి ఒక్కటే, అందులో కొంత ఎస్టీపీ గుండా పోతుంది. కాబట్టి మొదట ఎస్టీపీ ఆపరేటర్లతో కాస్త వివరంగా మాట్లాడాలి.

ఎస్టీపీ బాగా నడుస్తోందనడానికి చాలామంది చూసేది రెండే: నీళ్ళు తేటగా ఉన్నాయా, వాసన లేదా. బీఓడీ (నీళ్ళల్లోని మురికి కుళ్ళడానికి పట్టే ఆక్సిజన్) రిపోర్టు పది లోపు వస్తే అసోసియేషన్ వాళ్ళూ తృప్తిపడతారు. కానీ బీఓడీ బాగున్న నీళ్ళే చెరువుని పచ్చబరచగలవు. ఇళ్ళ మురుగులో ఫాస్ఫరస్ సుమారుగా లీటరుకి 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. చెరువు నీళ్ళల్లో అది 0.035 దాటితేనే పోషకాలు ఎక్కువైన చెరువని, 0.1 దాటితే మరీ ముదిరిందని అంతర్జాతీయంగా వాడే లెక్క. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, పెద్ద నగరాల్లో చెరువుల్లోకి వదిలే శుద్ధి చేసిన నీళ్ళల్లో ఫాస్ఫరస్ 1 మిల్లీగ్రాము దాటకూడదంది. ఆ హద్దు పాటించినా, కొత్త నీళ్ళు పెద్దగా కలవని చెరువుకి అది ఎక్కువే. కాలుష్య నియంత్రణ మండలి మీ అపార్టుమెంటుకిచ్చిన కన్సెంట్ పేపరు ఒకసారి అడిగి చూడండి. అందులో అమ్మోనియాకి, మొత్తం నత్రజనికి ఏ హద్దు రాశారో మీ లాగ్ బుక్ మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకోండి.

నత్రజనిని గాలిలోకి పంపే దారి ఉంది. ఏరేషన్ ట్యాంకులో ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే సూక్ష్మజీవులు అమ్మోనియాని నైట్రేట్‌గా మారుస్తాయి, ఆక్సిజన్ లేని అనాక్సిక్ ట్యాంకులో ఇంకో రకం జీవులు ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువు చేసి వదిలేస్తాయి. ఫాస్ఫరస్‌కి ఆ దారి లేదు. అది గాలిలోకి పోదు. బురదతో బయటికి పోవాలి, లేదంటే నీళ్ళతో పోవాలి. మూడో మార్గం లేదు. ఇది బుర్రలో పెట్టుకుంటే ఎస్టీపీలో సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి.

మొదటిది బురద. ఏరేషన్ ట్యాంకు నీళ్ళని వెయ్యి మిల్లీలీటర్ల సిలిండర్లో పోసి అరగంట ఉంచండి. బురద 300, 400 గీత దగ్గర ఆగితే సరే. 700, 800 దాకా నిలబడిందంటే చాలా ప్లాంట్లలో బురద ఎక్కువైందని అర్థం, తీసే టైమ్ వచ్చింది. ఫిల్టర్ ప్రెస్ నడపడం బరువు పని, గుడ్డలు కడగడం అసహ్యమనిపించే పని. అందుకని వారాల తరబడి వాయిదా పడుతుంది. అలా వాయిదా పడ్డప్పుడు బురద క్లారిఫయర్ పైకి పొంగి నీళ్ళతో కలిసి పోతుంది. కొన్నిచోట్ల రాత్రిపూట ట్యాంకు అడుగుని నేరుగా వాన కాలువలోకి వదిలేయమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఎవరైనా మీకలా చెబితే నోటిమాటగా ఒప్పుకోకండి, రాసి ఇమ్మనండి. రాసివ్వరు. వారంపాటు పట్టుకున్న ఫాస్ఫరస్ ఆ ఒక్క రాత్రిలో వాన కాలువలో పడి చెరువుకి చేరుతుంది.

రెండోది బ్లోయర్, అంటే ఏరేషన్ ట్యాంకులోకి గాలి పంపే యంత్రం. శబ్దం వస్తోందని పైవాళ్ళు ఫోన్ చేయడం, కరెంటు బిల్లు ఎక్కువైందని మేనేజరు అనడం, రాత్రి పదికి బ్లోయర్ కట్టేయడం చాలాచోట్ల మామూలైపోయింది. పొద్దున నీళ్ళు తేటగానే కనిపిస్తాయి. కానీ అమ్మోనియాని మార్చే జీవులు నెమ్మదిగా పెరిగేవి, ఆక్సిజన్ లేకపోతే మొదట దెబ్బతినేవి కూడా అవే. బ్లోయర్ ఆపక తప్పదంటే ఆరేడు గంటలు ఒక్కసారే ఆపకండి, విడతలుగా ఆపి నడపండి. మోటారు కింద రబ్బరు ప్యాడ్లు, గదికి శబ్దం పట్టే పలకలు పెట్టించమని అడగండి. అడిగిన తేదీ రాసి ఉంచుకోండి.

ఇంకో మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ట్యాంకు అడుగున ఏదో ఇరుక్కుందని మనిషిని దింపే పని ఎవరు చెప్పినా చేయకండి, ఇంకొకరిని చేయనివ్వకండి. అక్కడ పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవాడు, వాణ్ణి లాగబోయి దిగినవాడు ఇద్దరూ పోయిన ఘటనలు ఎన్నో ఉన్నాయి. రక్షణ సామగ్రి లేకుండా మురుగు ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013లో వచ్చిన కేంద్ర చట్టం నేరమంది.

ఇప్పుడు చెరువు దగ్గర పనిచేసేవాళ్ళ సంగతి. మీకు ఏ మీటరూ లేకపోయినా పనికొచ్చే పరీక్షలు రెండున్నాయి. చేతికి గ్లవ్స్ వేసుకుని ఒక పుల్ల నీళ్ళల్లో ముంచి పైకి తీయండి. తలవెంట్రుకల్లా పోగులు పోగులుగా వేలాడితే అది మామూలు పోగు నాచు, దానితో అంత ప్రమాదం లేదు. పుల్లకి ఆకుపచ్చ పెయింటు పూసినట్టు అంటుకుంటే అనుమానించాలి. రెండోది సీసా పరీక్ష. పారదర్శకమైన గాజు సీసాలో మూడొంతులు చెరువు నీళ్ళు నింపి, మూత పెట్టి, కదపకుండా నీడలో రాత్రంతా ఉంచండి. పొద్దునకి ఆకుపచ్చ అడుగున దిగితే నయం. పైకి తేలి ఉంగరంలా కట్టిందంటే గాలి గదులున్న నీలి ఆకుపచ్చ నాచు కావొచ్చు. విషం ఉందో లేదో ఈ పరీక్షలు చెప్పవు. ల్యాబుకి పంపాల్సిన అవసరం ఉందో లేదో మాత్రం చెబుతాయి.

మీటరు ఉన్నవాళ్ళకి వేళ చాలా ముఖ్యం. పగలు నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది, నీళ్ళల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. దాంతో మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటొచ్చు. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి అదే నాచు ఆక్సిజన్ వదలడం మానేసి పీల్చడం ఒక్కటే చేస్తుంది, అడుగు బురదలో బ్యాక్టీరియా సరేసరి. తెల్లవారుజామున నాలుగింటికీ ఆరింటికీ మధ్య ఆక్సిజన్ అట్టడుగుకి పడుతుంది. భీమవరం, కైకలూరు చెరువుల మీద పనిచేసి వచ్చినవాళ్ళకి ఇది బాగా తెలుసు. అక్కడ తెల్లవారుజామున చేప తల పైకెత్తి గాలి మింగుతుంటే పరుగెత్తి ఏరియేటర్లు వేస్తారు. బెంగళూరులో ఆఫీసు టైముకి, పదకొండింటికి వచ్చి కొలిస్తే లీటరుకి 8, 9 మిల్లీగ్రాములు చూపించి చెరువు భేషుగ్గా ఉందనిపిస్తుంది. చిక్కటి ఆకుపచ్చ చెరువులో పగటి ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే తెల్లవారుజామున అంత భయపడాలి. మబ్బు పట్టిన రోజు, వాన పడిన మర్నాడు మరీ జాగ్రత్త.

పీహెచ్ పెరిగితే అమ్మోనియా కూడా మారిపోతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో చేపని చంపే రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 9కి చేరితే అదే నూటికి ముప్పై ఆరు వంతులు. ఎస్టీపీలో రాత్రి బ్లోయర్ కట్టేయడానికి, మూడు కిలోమీటర్ల అవతల చెరువులో చేప చావడానికి లంకె ఇక్కడ ఉంది.

గుర్రపు డెక్క తీయించే సూపర్‌వైజర్లకి ఒక సలహా. డెక్క నీళ్ళని కప్పి ఎండ పడకుండా చేస్తుంది, కొంత పోషకాన్ని తనలో దాచుకుంటుంది. మురుగు ఆపకుండా డెక్కంతా ఒక్కసారి తీసేస్తే కొన్ని వారాల్లో నీళ్ళు పచ్చబడతాయి, కాంట్రాక్టరు పని సరిగా చేయలేదని మాట పడుతుంది. తీసిన డెక్కని గట్టున కుప్పపోసి వదిలేస్తే కుళ్ళి, వానకి దాని రసమంతా తిరిగి చెరువులోకే. కుప్ప ఎక్కడికి తరలించాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. మురుగు ఆపినా చెరువు వెంటనే బాగుపడదు, ఏళ్ళ తరబడి అడుగు బురదలో చేరిన ఫాస్ఫరస్ ఆక్సిజన్ లేనప్పుడల్లా మళ్ళీ పైకి వస్తుంది. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల్లో పూడిక తీయడానికి అంత ఖర్చు, అంత కాలం పట్టడానికి ఇదీ ఒక కారణం. 2015 మేలో, 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో బెళ్ళందూరు దగ్గర మంటలు లేవడం అందరికీ గుర్తుంటుంది. ఆ మంటలూ, అక్కడి నురగా వేరే కథలు కావు, ఆ చెరువుకి చేరుతూ వచ్చిన సబ్బులు, పోషకాల కథే.

పచ్చదనం చూసి కంగారులో మైలుతుత్తం చల్లించకండి. కణం చస్తే పగులుతుంది, లోపలున్న విషం ఒక్కసారి నీళ్ళల్లో కలుస్తుంది. చచ్చిన నాచు కుళ్ళడానికి ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. తెట్టు కట్టిన చోట ఫౌంటెన్ నడిపితే తుంపర్లు ముక్కులోకి పోతాయి. తెట్టు తీసేవాళ్ళకి మోచేతి దాకా గ్లవ్స్, బూట్లు, మాస్కు ఉండాలి. ఆ నీళ్ళతో ముఖం కడుక్కోవడం, టిఫిన్ బాక్సు కడగడం వద్దు. ఒంటి మీద దద్దు, కళ్ళ మంట, వాంతులు వస్తే డాక్టరుకి ఏ చెరువులో ఏ రోజు పనిచేశారో చెప్పండి. పశువులకి ఆ ఒడ్డున నీళ్ళు పట్టనివ్వకండి.

బెంగళూరు సముద్రానికి దూరం కదా, ఇక్కడి నాచుకీ సముద్రానికీ ఏం సంబంధం అనిపించొచ్చు. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని దారి చూడండి. బెళ్ళందూరు నీళ్ళు వర్తూరుకి, అక్కణ్ణుంచి ఆ నదికి చేరతాయి. హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాములో తేలే నురగ ఆ చుట్టుపక్కల రైతులు చూస్తున్నదే, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆపైన కృష్ణగిరి, సాత్తనూరు డ్యాములు దాటి కడలూరు దగ్గర బంగాళాఖాతం. మంచినీళ్ళల్లో నాచుకి సాధారణంగా తక్కువపడేది ఫాస్ఫరస్ అయితే సముద్రంలో తక్కువపడేది నత్రజని. కాబట్టి ఒకటి పట్టి ఇంకోటి వదిలేస్తే, చెరువుకి తప్పిన బెడద తీరానికి చేరుతుంది.

తీరంలో ఇది ప్రాణాలు తీసిన సంగతే. 1983లో మంగళూరు దగ్గర కుంబళె నదీముఖంలో పట్టిన గవ్వజాతి మాంసం తిని ఒక అబ్బాయి చనిపోయాడు. 1997 సెప్టెంబరులో కేరళ విళింజంలో ఆల్చిప్పల మాంసం తిని ఏడుగురు పోయారు, ఐదు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. సముద్రపు నాచులో పుట్టి, నీళ్ళని వడగట్టి తినే ఆల్చిప్పల్లో చేరే ఈ విషాన్ని ఉడికించడం పోగొట్టదు. మంగళూరు సరుకు తెప్పించి అమ్మేవాళ్ళు, మెస్‌లు నడిపేవాళ్ళు ఆల్చిప్పలు ఏ రేవువో అడిగి బిల్లు దాచుకోండి. నీళ్ళు ఎర్రబడ్డాయని, చేపలు తేలాయని వార్త వస్తే ఆ వారం ఆ సరుకు మానేయండి. తిన్న కాసేపటికి పెదాలు, నాలుక తిమ్మిరెక్కితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. చెరువు చేప విషయంలో విషం ఎక్కువగా చేరేది కాలేయం, పేగుల్లో. పచ్చటి చెరువులో పట్టిన చేప కడుపు శుభ్రంగా తీసేయాలి, చచ్చి తేలినది ఎంత తాజాగా కనిపించినా అమ్మకూడదు.

సముద్రం మీద నాచుని ఇప్పుడు ఆకాశం నుంచి చూస్తున్నారు. 2022 నవంబరు 26న ఇస్రో పంపిన ఓషన్‌శాట్-3లోని ఓషన్ కలర్ మానిటర్ నీళ్ళ రంగుని పదమూడు పట్టీల్లో చదువుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ నాచు విజృంభణ సమాచారం విడుదల చేస్తోంది. అంత ఎత్తు నుంచి చూసే కన్నుకి మన కాలనీ పక్క చెరువు లెక్కలోకి రాదు. అక్కడ చూడాల్సింది మీరే.

ట్యాంకర్ నడిపేవాళ్ళకి బ్రెజిల్‌లో జరిగింది చెప్పాలి. 1996లో కరువారు పట్టణంలో ఒక డయాలసిస్ కేంద్రానికి రిజర్వాయరు నీళ్ళు సరైన శుద్ధి లేకుండా ట్యాంకర్లలో చేరాయి. అందులో నీలి ఆకుపచ్చ నాచు విషం ఉంది. యాభై మందికి పైగా రోగులు కాలేయం పాడై చనిపోయారు. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం జనం ఎంత ఎదురుచూశారో మనకి తెలుసు. అలాంటప్పుడే దొరికినచోట నింపుకునే ఒత్తిడి వస్తుంది. ఈ విషం మరిగిస్తే పోదు. ఈ విషాల్లో ఒకటైన మైక్రోసిస్టిన్ తాగే నీళ్ళల్లో లీటరుకి 1 మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, అది కంటికి కనపడేది కాదు. చెరువు నీళ్ళు, ఎస్టీపీ నీళ్ళు మోసే ట్యాంకరు తాగునీళ్ళకి వాడకండి. ఆసుపత్రికి వెళ్ళే లోడు ఏ బోరుదో, ఎన్నింటికి నింపారో రసీదు మీద రాయించుకోండి.

ఇవన్నీ నోటితో చెబితే నిలవవు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి: తేదీ, గంట, నీళ్ళ రంగు, వాసన, గాలి ఎటు, వాన పడిందా, నీళ్ళ వేడి, తెల్లవారుజామున ఆక్సిజన్, మధ్యాహ్నం పీహెచ్, బ్లోయర్ ఎన్ని గంటలు, బురద ఎన్ని బస్తాలు. రెండు వేసవులు రాసిన పుస్తకం చేతిలో ఉంటే, వేరే కంపెనీలో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు సర్టిఫికెట్ కన్నా ముందు అది మాట్లాడుతుంది. సర్టిఫికెట్ కూడా కావాలంటే, కేంద్ర పర్యావరణ శాఖ 2017లో మొదలుపెట్టిన గ్రీన్ స్కిల్ కార్యక్రమంలో ఎస్టీపీ నిర్వహణ కోర్సు పెట్టారు, మీ దగ్గర ఎక్కడైనా నడుస్తోందేమో కనుక్కోండి.

తెట్టు కనిపించిన రోజు ఏం చేయాలంటే: గాలి తోసిన ఒడ్డున ఒకటి, నడుమ నీళ్ళల్లో ఒకటి, రెండు శాంపిళ్ళు శుభ్రమైన సీసాల్లో తీసి, చుట్టూ ఐస్ పెట్టి, వెలుతురు తగలకుండా అదే రోజు ల్యాబుకి పంపండి. ఫోటోలో ఒడ్డున గుర్తుపట్టగలిగే స్తంభమో బోర్డో పడేలా చూసుకోండి. చెరువు ఎవరి చేతిలో ఉందో గేటు దగ్గర బోర్డు మీద ఉంటుంది, వాళ్ళకీ కాలుష్య నియంత్రణ మండలికీ రాయండి. బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ స్థానంలో 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి పాత నంబర్లు ఓసారి సరిచూసుకోండి. వాట్సాప్‌లో సూపర్‌వైజరుకి పెట్టే మెసేజిలో మీ అభిప్రాయం అక్కర్లేదు. ‘సార్, ఈ రోజు ఉదయం 5:40కి తూర్పు గట్టున ఆకుపచ్చ తెట్టు ఉంది, సుమారు ఇరవై అడుగులు, చేపలు పైకొచ్చి గాలి మింగుతున్నాయి, ఆక్సిజన్ 1.8, నిన్న సాయంత్రం వాన పడింది, శాంపిల్ తీశాను’ అని రాస్తే చాలు.